పలకా, బంటూ

పున్నమికి పన్నెండు రోజులు

లాకుల గదిలో చేరి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో నా అంతట నేను ఒక్క ముక్క రాసి పెట్టలేదు. కాలువకు అడ్డంగా ఉన్న ఏ తలుపు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో అంతా యంత్రమే నమోదు చేసుకుంటుంది. ఈ రోజు అది నమోదు చేసుకున్నది ఇది: "7:42. ఆపరేటర్ సలోమి ఫైలు తెరిచారు. నాలుగు, అయిదు తలుపులు లేచాయి. లోపం ఏమీ లేదు."

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ తిరపతమ్మ చెయ్యి విరిగిన సంగతి అందులో లేదు. నేను తెరిచింది చదవడానికన్న సంగతీ లేదు. ఆ రెండూ ఎక్కడో ఒకచోట ఉండాలి. అందుకని కాగితం తీసుకున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రోజూ లాగే గది ఊడ్చి, తెర మీద పేరుకున్న ఉప్పు తుడిచి, "ప్రభువా, ఈ చేతి వల్ల ఎవరికీ కీడు జరగనివ్వకు" అని ప్రార్థన చేసుకుని కూర్చున్నాను. కొండ మీది కార్యాలయం నుంచి ఆ రోజు స్క్రిప్టు వచ్చి ఉంది. స్క్రిప్టంటే తలుపులకు రాసిన ఆజ్ఞల చీటీ. ఏది ఎత్తాలి, ఎన్ని మూరలు ఎత్తాలి, ఎంతసేపు ఆగి దించాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ ఫైళ్ళ పేర్లకు చివర ఒక చుక్క, చుక్క తర్వాత 'పని' అనే మాట ఉంటాయి. దాన్ని మేం తోక అంటాం. యంత్రం తోకను చూసి ఆ ఫైలును ఏ ప్రోగ్రాము చేతికివ్వాలో తేల్చుకుంటుంది.

నేను చేరిన నాటి నుంచీ 'పని' ఫైలును రెండుసార్లు నొక్కితే పలక అనే ప్రోగ్రాములో తెరుచుకునేది. పలకలో అక్షరాలు కనిపిస్తాయి, అంతే, ఏమీ కదలదు. నేను చదువుకుని, మైకు పట్టి, మెరక మీద స్తంభాలపై కట్టిన మూడు వరసల ఇళ్ళకూ వినిపించేలా బయటికి చదివేదాన్ని. కింద బురదలో ఉన్నవాళ్ళు నిచ్చెనలెక్కేవాళ్ళు. అందరూ ఎక్కారని చూసుకుని, కట్టనూ తలుపులనూ కనిపెట్టుకుని ఉండే లస్కరు నాంచారయ్యన్నయ్య కట్ట మీది నుంచి పచ్చగుడ్డ ఊపేవాడు. అప్పుడే ఆ ఫైలును బంటు అనే ఇంకో ప్రోగ్రాముకి ఇచ్చేదాన్ని. తలుపులెత్తేది బంటు. దానికి చదవడం రాదు, చెయ్యడమే వచ్చు.

ఈ ఉదయం రెండుసార్లు నొక్కితే పలక రాలేదు. నల్లటి కిటికీ ఒకటి రెప్పపాటు మెరిసి మాయమైంది. కింద మోటార్లు మూలిగాయి.

అప్పుడు కింది వరస ఇళ్ళ కింద, స్తంభాల మధ్య, పదిహేడు మంది ఆడవాళ్ళు పీతలు పడుతున్నారు. పాటు వేళ సముద్రం వెనక్కి పోతే ఆ బురదే వాళ్ళ పొలం. తలుపుల వెనక నిలిచిన కాలువ నీళ్ళు ఒక్కసారిగా వాళ్ళ మీదికి వచ్చాయి. పదహారు మంది స్తంభాలను వాటేసుకుని నిలిచారు. తిరపతమ్మ బుట్ట వదల్లేదు. బుట్టతో పాటే కొట్టుకుపోయి దూరంగా ఒక స్తంభానికి తగిలింది. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని ఏడుస్తూనే ఏదో చెప్పబోయాను. మామూలు రోజుల్లోనే నా మాట పక్కవాళ్ళకు వినపడదు. మైకు నాకోసమే కనిపెట్టారని మెరక మెరకంతా నవ్వుతారు.

"ఏడవమాకే సలోమీ," అంది తిరపతమ్మ. "చెయ్యి ఇరిగితే అతుక్కుద్ది. బుట్టెడు పీతలు పొయినయ్యి, అదీ నా ఏడుపు."

"చదవటానికే తెరిచాను వదినా. దేవుడి తోడు."

"నాకు తెలవదంటే? నువ్వు చదవకుండా తెరిసే దానివా? మరి ఎవురు తెరిసినట్టు?"



పున్నమికి పదకొండు రోజులు

మా ఏడులాకుల మెరక పనులు చూసే అధికారి కౌస్తుభ్ గారు. ఉండేది కొండ మీది కార్యాలయంలో. ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాద తెలిసిన మనిషి. ఉదయం తెర మీదికి వచ్చారు.

"మీ తప్పేం లేదు సలోమమ్మ గారూ. మొన్న మార్పు చేశారు. ఇక నుంచి 'పని' ఫైళ్ళు నేరుగా బంటులోనే తెరుచుకుంటాయి. మీకో మెట్టు తగ్గింది."

"ఆ మెట్టు మీదే బాబూ మేం నిలబడేది."

"అంటే?"

"చదివే మెట్టు."

"ఇప్పుడు చదవాల్సిన పని లేదండీ. ఈ స్క్రిప్టులు మనుషులు రాయట్లేదు. ఆటుపోట్లు, వాన, కాలువ మట్టం అన్నీ లెక్కేసుకుని వాటంతట అవే తయారవుతున్నాయి. మీరు చదివి, మైకులో చెప్పి, గుడ్డ ఊపేదాకా ఆగడానికి రోజుకు అరగంట పోతోంది. పధ్నాలుగు మెరకల్లో ఇంత ఆలస్యం మీ ఒక్కచోటే."

"నిన్న ఒకావిడ చెయ్యి విరిగింది."

ఆయన కాగితాలు తిరగేశారు. "నమోదులో లోపం ఏమీ లేదని ఉందండీ."

"వాటంతట అవే తయారయ్యేటప్పుడు, తెరవటం కూడా అక్కణ్ణుంచే తెరవొచ్చు కదా. మధ్యలో నేనెందుకు బాబూ?"

ఆయన కాగితాలు పక్కన పెట్టారు. "నిబంధన అండీ. ఎవరో ఒక మనిషి చెయ్యి పడాలి. నమోదులో ఒక పేరుండాలి."

అప్పుడు అర్థమైంది. వాళ్ళకు నా కళ్ళతో పని లేదు, నా వేలితోనే పని.

పున్నమికి తొమ్మిది రోజులు

ఫైలు మీద మౌసు కుడివైపు నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో 'దీనితో తెరువు' అని ఉంది. నిన్న అక్కడికి పోయి పలకను ఎంచుకున్నాను. కింద 'ఎప్పుడూ ఇదే' అన్న గడిలో టిక్కు పెట్టాను. అందరినీ ముందే పైకెక్కించి రెండుసార్లు నొక్కాను. పలక తెరుచుకుంది. తెలిసిన ముఖం కనిపించినట్టయింది. మైకు పట్టి ఎప్పటిలా చదివాను. నాంచారయ్యన్నయ్య పచ్చగుడ్డను మామూలుకంటే నాలుగుసార్లు ఎక్కువే ఊపాడు.

ఈ ఉదయం చూస్తే టిక్కు లేదు. కొండ నుంచి రోజూ వచ్చే మార్పులు దాన్ని తుడిచేశాయి. ముందే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. మళ్ళీ పెట్టాను. వాళ్ళు రోజూ తీస్తే నేను రోజూ పెడతాను. తెర మీద ఉప్పు కూడా రోజూ తుడిచేదే కదా.

అన్నయ్య మెట్లెక్కి వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"ఏం చెల్లెమ్మా, కొండమీదోళ్ళతో దాగుడుమూతలా?"

"దాక్కోవటం లేదన్నయ్యా. నేను టిక్కు పెట్టిన సంగతి నమోదులో పడతానే ఉంది."

"పడనియ్. నేను పుట్టినప్పుడు మా అయ్య నా పేరు కూడా ఎక్కడో నమోదు చేయించాడంట. ఇంతవరకూ ఒక్కడూ వచ్చి ఎట్టా ఉన్నావురా అనడగలా."

పున్నమికి ఏడు రోజులు

'దీనితో తెరువు' అన్న మాట బూడిద రంగులోకి మారిపోయింది. నొక్కితే పలకదు.

చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయట ఆడవాళ్ళు నిచ్చెనల మొదట్లో నిలబడి నా గొంతు కోసం చూస్తున్నారు. ప్రభువా, నాకున్నది పదో తరగతి చదువు, ఆ చదువుకు అందే దారే చూపించు అని అడిగాను.

యంత్రం చూసేది తోకనే కదా. మరి తోకే మారిస్తే? ఫైలు పేరులో 'పని' తీసేసి 'రాత' అని పెట్టాను. మామూలు ఉత్తరాలకుండే తోక అది. "తోక మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, మార్చాలా?" అని యంత్రం అడిగింది. మార్చాలి అన్నాను. రెండుసార్లు నొక్కితే అమాయకంగా పలకలో తెరుచుకుంది. చదివాను, వినిపించాను, గుడ్డ ఊపాక తోక మళ్ళీ మార్చి బంటుకి ఇచ్చాను. లోపల ఒక్క అక్షరం చెదరలేదు.

సాయంత్రానికల్లా కౌస్తుభ్ గారు తెర మీద ఉన్నారు.

"ఫైళ్ళ పేర్లు మారుస్తున్నారని పైవాళ్ళు గమనించారు సలోమమ్మ గారూ. అది ఫైళ్ళను పాడుచేయడం కిందికి వస్తుంది."

"తోక తీసి తోక పెట్టాను. అంతే బాబూ."

"నాకు తెలుసండీ. కానీ చూసేవాళ్ళకు అట్లా కనపడదు."

"ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఆ స్క్రిప్టులు మీరెప్పుడైనా చదివారా?"

"రోజుకు పధ్నాలుగు మెరకలండీ. ఎవరు చదువుతారు?"

"నాది ఒక్క మెరకే. నేను చదువుతాను."

 తెర ఆరిపోయింది.

పున్నమికి అయిదు రోజులు

పేరు మార్చడం కూడా ఆపేశారు. ఇప్పుడు ఆ ఫైలును రెండుసార్లు నొక్కడం తప్ప ఇంకేమీ చెయ్యలేను.

నొక్కలేదు. కొండకు ఒక్క వాక్యం రాసి పంపాను: "చదవనివ్వని ఫైలును నేను తెరవను. ఇట్లు, సలోమి."

 పెద్దవాళ్ళ మాట వినాలని చిన్నప్పటి నుంచీ ప్రార్థన గదిలో విన్నదాన్ని, నలుగురికీ చెప్పినదాన్ని. ఎదురు మాట్లాడటం నా ఒంట్లో లేదు. కానీ తిరపతమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు ఒకటి తేలిపోయింది. చూడకుండా చెయ్యమంటే చెయ్యడం విధేయత కాదు. ఆ పనికి బంటు ఉంది. దేవుడు నాకు కళ్ళిచ్చి బంటు పని చెయ్యమన్నాడని నేను నమ్మను.

స్క్రిప్టు తెరవకపోతే తలుపులను చేత్తో ఎత్తాలి. ఒక్కో తలుపుకీ ఒక ఇనప చక్రం ఉంది, దానికి తగిలించి తిప్పే పిడి మాత్రం అన్నిటికీ ఒక్కటే. నలుగురు పట్టి తిప్పితే ముప్పావు గంటకు లేస్తుంది. నాంచారయ్యన్నయ్య కింది వరసకు పోయి సంగతి చెప్పాడు. మనుషులు కట్ట మీదికి వచ్చి వంతులేసుకున్నారు. తిరపతమ్మ కూడా వచ్చి విరిగిన చేతిని మెడకు వేలాడేసుకుని చక్రం పక్కన కూర్చుంది.

"ఇదంతా ఎందుకు? నాలుగు రోజులు బురదలోకి దిగకుండా అందరూ ఇళ్ళల్లోనే కూచుంటే పోలా? ఆ బంటుగాడు వాడిష్టమొచ్చినట్టు ఎత్తుకుంటాడు, దించుకుంటాడు," అన్నాడు అన్నయ్య చెమట తుడుచుకుంటూ.

"కూచుంటే ఏం తింటాం, నీ మీసాలా?" అంది తిరపతమ్మ.

"నా మీసాలకేమే?"

"ఏం లేవు, పులుసుకి కూడా చాలవు."

చక్రం తిప్పుతున్నవాళ్ళు నవ్వాపుకోలేక వదిలేశారు. తలుపు ఒక జానెడు కిందికి జారింది. నేనూ నవ్వాను. ఆ రోజంతా నవ్వింది అదొక్కసారే.

పున్నమికి రెండు రోజులు

ఎగువన వానలు. కాలువ నిండింది. పున్నమి నాటి పెద్ద పోటుకు ముందు, ఆ రోజు ఉదయం పాటులోనే నీళ్ళు సముద్రంలోకి వదలాలి. లేకపోతే కట్ట ఆగదు, తెగితే మొదట పోయేది కింది వరసే. చేత్తో ఏడు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తడానికి అయిదు గంటల పైనే పడుతుంది. పాటు ఉండేది మూడు గంటలు. ఈసారి బంటు లేకుండా జరగదు.

ఇంకో సంగతి. ఆ రోజే తొలి పీత. ఏటా వానలు మొదలయ్యాక వచ్చే మొదటి పున్నమికి కింది వరసలో ఇంటికొక ఆడమనిషి బురదలోకి దిగాలి. తన చేత్తో పట్టిన మొదటి పీతను ఆ ఏడు బిడ్డ పుట్టిన ఇళ్ళకు పంపాలి. నీళ్ళెక్కి ఊళ్ళన్నీ పోయినప్పుడు ఈ మెరక మీద మొదట పుట్టిన బిడ్డ తల్లికి తినడానికి దొరికింది పీత ఒక్కటేనట. అప్పటి నుంచీ ఉన్న ఆచారం. ఇంతవరకూ ఒక్క ఏడూ తప్పలేదు. ఇది కొండవాళ్ళ లెక్కల్లో ఎక్కడా ఉండదు. దీనికి ఫైలు లేదు.

ఒక్క రోజుకైనా పలకను తిరిగి ఇవ్వమని కొండకు మళ్ళీ రాశాను. జవాబు లేదు.

"ఈ ఏడు మానుకోండి వదినా," అని తిరపతమ్మను బతిమాలాను.

"నువ్వు చదవకుండా తెరుస్తావా?"

"తెరవను."

"మైకులో నీ గొంతు ఇనపడకుండా మేం ఎప్పుడన్నా ఎక్కామా, దిగామా?"

"లేదు."

"మరింకేంటే? ఎప్పుడు ఎక్కమంటే అప్పుడు ఎక్కుతాం. చదివే దారి నువ్వే చూడు. మేం చూసే దారి అదొక్కటే."

ఇంటికి వచ్చి మోకరించాను. ఏమడగాలో తెలియక ఊరికే కూర్చున్నాను.

పున్నమి రోజు

ఏడు కాకముందే గదికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే బురద నిండా ఆడవాళ్ళే. నూట నలభై మూడు మంది. తిరపతమ్మ ఎడమ చేత్తో బుట్ట పట్టుకుని అందరికంటే ముందుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. నాంచారయ్యన్నయ్యకు బూట్లు లేవు. చూస్తే కౌస్తుభ్ గారు. తెల్లవారుజామునే పడవెక్కి వచ్చారట, చొక్కా ఉప్పునీళ్ళకు తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. తెర మీద కంటే చిన్నవాడిగా కనిపించారు. చెంబుతో మంచినీళ్ళిచ్చాను. నిలబడే తాగారు.

"లేవండి సలోమమ్మ గారూ. కాలువ మట్టం చూశారు కదా. మీరు తెరవకపోతే నన్ను తెరవమని పంపారు."

లేచాను. కుర్చీ తుడిచి ఇచ్చాను. ఆయన కూర్చుని తన పేరు యంత్రానికి చెప్పుకున్నారు. మౌసు పట్టారు. తెర మీద బాణం గుర్తు వెళ్ళి ఫైలు మీద నిలిచింది.

అరవడం నాకు చేతకాదు. చెయ్యి పట్టుకుని లాగడం మర్యాద కాదు. మైకు తీసి ఆయన ముందు పెట్టాను.

"తెరవండి బాబూ. కానీ ముందు ఇందులో చదవండి. కింద వాళ్ళు వింటారు."

"ఏం చదవాలి?"

"లోపల రాసి ఉన్నది."

"లోపల ఏముందో నాకెలా తెలుస్తుందండీ? తెరిస్తే నడిచిపోతుంది కదా."

"పన్నెండు రోజుల నుంచీ నేను చెప్పేదీ అదే."

ఆయన నుదురు రుద్దుకున్నారు. "లెక్క తప్పు ఉండదండీ."

"ఉండదు. తిరపతమ్మ చెయ్యి విరిగిన రోజు కూడా లెక్క సరిగ్గానే ఉంది. లెక్కలో తిరపతమ్మ లేదు, అంతే. ఒక్కసారి కిటికీలోంచి చూడండి."

లేచి వచ్చి చూశారు. మనిషి రంగు మారింది.

"ఇంతమంది... ఎవరు దిగమన్నారు వీళ్ళను?"

"నేను చదవకుండా తెరవనని నమ్మి దిగారు."

"పైకి పిలవండి! ముందు పిలవండి!"

"పిలుస్తాను, ఎక్కుతారు. తలుపులు లేస్తాయి, దిగుతాయి. మళ్ళీ బురదలోకి ఎప్పుడు దిగమని చెప్పను? తలుపులు ఒక్కసారే లేస్తాయా, రెండోసారి కూడానా? మీకు తెలుసా బాబూ? నాకు తెలియదు. తెలియకుండా మన ఇద్దరిలో ఎవరు నొక్కితే, ఈ రోజు నమోదులో వాళ్ళ పేరు పడుతుంది. లోపం ఏమీ లేదని కూడా పడుతుంది."

గొంతు పెంచలేదు. నాకు పెంచడం రాదు. ఆయన మాత్రం నేను అరిచినట్టే నా వైపు చూశారు. తర్వాత తెర వైపు చూశారు. అక్కడ పైన ఆయన పేరు ఉంది.

మౌసు మీది నుంచి చెయ్యి తీసేశారు.

 నాంచారయ్యన్నయ్య కట్ట మీది నుంచి రెండు చేతులూ ఎత్తి "ఏమైంది?" అని సైగ చేశాడు. ఆగమని సైగ చేశాను.

"మా బడిలో ఒక పాత యంత్రం ఉండేది," అన్నారు కౌస్తుభ్ గారు ఉన్నట్టుండి. "దాన్లో ఏ ఫైలు నొక్కినా తప్పు ప్రోగ్రాములోకే పోయేది. అందుకని మేం ఫైలును ముట్టుకునే వాళ్ళం కాదు."

తెర మూలకు పోయి ప్రోగ్రాముల జాబితా తెరిచారు. అందులోంచి ఉత్త పలకను తెరిచారు. ఖాళీ పలక. దాని లోపల, పైన, 'ఫైలును తెరువు' అని ఒక మాట ఉంది. ఇరవై రెండేళ్ళుగా నా కళ్ళ ముందున్న మాటే, ఎన్నడూ దానితో అవసరం పడలేదు. దాన్ని నొక్కి, అక్కణ్ణుంచి ఆ రోజు స్క్రిప్టును పిలిచారు.

అక్షరాలు పలక మీద పరుచుకున్నాయి. ఏదీ కదలలేదు.

ఫైలును తడితే ఎవరి దగ్గరికి పోవాలో యంత్రం తేలుస్తుంది. ముందు పలక పట్టుకుని కూర్చుని ఫైలును పిలిస్తే, తేల్చేది మనమే. ఇంత చిన్న సంగతి.

ఇద్దరం చదివాం. ఏడు తలుపులూ నాలుగు మూరలు ఎత్తు. నలభై నిమిషాలు ఆగు. దించు. ఇరవై నిమిషాలు ఆగు. మళ్ళీ ఏడూ ఎత్తు, ఈసారి ఆరు మూరలు.

"రెండోసారి," అన్నారాయన. చెయ్యి ఆ వరస కింద ఆగిపోయింది. "దిగగానే వీళ్ళంతా మళ్ళీ బురదలోకి..."

"దిగేవాళ్ళు. తలుపులు పడ్డాయి కదా అని."

ఆయన మైకు నా వైపు జరిపారు. నేను తిరిగి ఆయన వైపే జరిపాను. "ఈ రోజు మీరు చదవండి బాబూ."

చదివారు. మొదటి వాక్యం రెండుసార్లు తడబడింది. కింద నుంచి తిరపతమ్మ అరుపు ఇంతెత్తున వినపడింది: "ఎవురే ఆ మొగగొంతు? సలోమీ, నీకు జలుబు చేసిందంటే?"

బురదంతా ఒకటే నవ్వు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపకుండా చివరి దాకా చదివారు. రెండోసారి లేచే సంగతి అడక్కుండానే మూడుసార్లు చెప్పారు. ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా, నిచ్చెనలెక్కారు. చివరి నిచ్చెన ఖాళీ అయ్యాక కట్ట మీద పచ్చగుడ్డ లేచింది.

అప్పుడు కౌస్తుభ్ గారు ఫైలును బంటుకి ఇచ్చారు. నమోదులో ఆయన పేరే ఉంది. మధ్యాహ్నానికి కాలువ సగానికి తగ్గింది. పోటు వచ్చి కట్టను కొట్టి వెళ్ళిపోయింది. పీతలు తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాయి. పడవెక్కబోయే ముందు ఆయనకు కూడా ఒకటి ఆకులో చుట్టి ఇచ్చింది తిరపతమ్మ. "నీకు బిడ్డ పుట్టకపోయినా తినచ్చులే నాయనా. గొంతు బాగుపడుద్ది."

మెట్ల దగ్గర ఆయన నాతో మెల్లగా అన్నారు: "ఆ తెరిచే పద్ధతి... పైవాళ్ళకు తెలిస్తే అదీ మూసేస్తారు సలోమమ్మ గారూ. నేను చూపించానని..."

"ఏ పద్ధతి బాబూ?" అన్నాను.

నవ్వారు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

పున్నమి వెళ్ళి మూడు రోజులు

ఆజ్ఞ వచ్చింది. పైవాళ్ళ మాట వినలేదు కాబట్టి వచ్చే అమావాస్య నుంచి నేను లాకుల గదిలోకి రాకూడదు. కొత్త ఆపరేటరు వస్తుందట. 'పని' ఫైళ్ళు ఇక ముందు కూడా బంటులోనే తెరుచుకుంటాయని కింద గట్టి అక్షరాల్లో రాశారు.

చదివి మడిచి పెట్టాను. ఏడుపు రాలేదు. ఇరవై రెండేళ్ళ కుర్చీ కాబట్టి దాన్ని ఒకసారి తుడిచాను.

కొత్త అమ్మాయి వచ్చిన రోజు ఈ గదిలోనే ఉంటాను, ఎవరు పొమ్మన్నా సరే. పలకను ముందు తెరవడం, ఫైలును లోపల నుంచి పిలవడం ఆమె చేత చేయించి చూసి, అప్పుడు పోతాను. నాంచారయ్యన్నయ్య తన మాట తను చెప్పాడు: "తలుపులు లేవకుండా బిగించే ఇనప సీలలున్నయ్యి గదా చెల్లెమ్మా. ఇన్నాళ్ళూ పొద్దున్నే పీకి పక్కన పెట్టేవోణ్ణి. ఇక నించి మైకులో చదివింది నా చెవిన పడితేనే పీకుతా. మోటారు కాలితే కాలనియ్. అది కూడా నమోదు చేసుకోమను."

ఈ కాగితాలు తిరపతమ్మ దగ్గర పెడుతున్నాను.

"చదువు రాదనేగా నాకిస్తన్నావు?" అంది.

"నువ్వు పట్టుకున్నది వదలవని ఇస్తున్నాను వదినా. చెయ్యి విరిగినా బుట్ట వదల్లేదు కదా."

ఇక్కడి నుంచి రాస్తున్నది తనకు పైకి చదివి వినిపిస్తున్నాను: బియ్యం డబ్బా అడుగున, ఉప్పు తగలకుండా, మైనపు గుడ్డలో చుట్టి పెట్టు వదినా. లాకుల గదిలో కూర్చోబోయే మనిషి వచ్చి, చదివే దారి కనపడటం లేదని చెప్తే, ఆమెను నీ ఇంట్లో కూర్చోబెట్టి, నీ కళ్ళ ముందే చదువుకోనివ్వు. మళ్ళీ తీసుకుని డబ్బాలో పెట్టెయ్. కొండ నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం వద్దు. ఇందులో ఒక అబ్బాయి పేరుంది, వాళ్ళింకా మూయని తలుపు ఒకటుంది. ఉంచు. చూపించకు.